ఆగి ఆగి ఆడిన బొమ్మ

యాభై రెండు నిమిషాలు పడుతుందట. తెర మీద ఆ అంకె వచ్చి కూర్చుంది, దాని కింద పచ్చగీత ఒకటి పాకడం మొదలుపెట్టింది. అది నిండేదాకా నేను మౌస్ ముట్టుకోకూడదు, ఇంకేదీ తెరవకూడదు, కరెంటు పోకూడదు, పోతే మళ్లీ మొదటికే. టేకులపల్లిలో కరెంటును నమ్ముకుని యాభై రెండు నిమిషాల పని పెట్టుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నర అయింది, ఇల్లందు వైపు మబ్బు దిగింది గానీ వాన రాలేదు. ముందు గదిలో మా ఆయన హరిప్రసాద్ ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తూ గడ్డం కొంచెం పైకెత్తమంటున్నాడు, ఆ మనిషి మరీ పైకెత్తినట్టున్నాడు, ఇప్పుడు కొంచెం దించమంటున్నాడు. వెనక గదిలో నేను, రెండు తెరలు, ఒక టేబుల్ ఫ్యాను, మా చెల్లెలు యశోద పెళ్లి. పెళ్లయి మూడు నెలలు దాటింది. సాయంత్రానికల్లా వీడియో తండాకు చేరాలి. పచ్చగీత ఇంకా వేలెడు కూడా నడవలేదు.

తప్పు కంప్యూటర్‌ది కాదు పాపం. దానికి ఏడేళ్లు, అది వచ్చినప్పటి పెళ్లిళ్లు వేరు, అప్పటి కెమెరాలు వేరు. ఈ పెళ్లికి ముందే హరిప్రసాద్ ముచ్చటపడి కొత్త కెమెరా తెచ్చాడు, అందులో ముఖం మీద చెమట బొట్టు కూడా లెక్కపెట్టొచ్చు, కానీ ఆ ఫైళ్ల బరువు మోయడం దీని వల్ల కాదు. ప్లే నొక్కితే డప్పు ముందు పోతుంది, మనుషులు వెనక వస్తారు. బొమ్మ ఒకచోట నిలబడిపోయి, నాలుగైదు క్షణాల తర్వాత ఎక్కడికో దూకుతుంది. పీట మీద కూర్చోబోతున్న పెళ్లికొడుకు కూర్చోకుండానే లేచి వెళ్లిపోతాడు. నేను చేయని వైద్యం లేదు. తెర మీద చూపించే నాణ్యతను సగానికి తగ్గించాను, పావుకు తగ్గించాను, యశోద ముఖం అలికినట్టయింది గానీ నడక మారలేదు. పాత పెళ్లిళ్ల తాలూకు చెత్త ఫైళ్లన్నీ తుడిచేశాను. బయటి డిస్కులో ఉన్నవాటిని లోపలికి తెచ్చుకున్నాను. రంగులు దిద్దినవన్నీ తీసి పక్కన పెట్టాను. ఆఖరికి నిన్న ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే సీతయ్యకు ఫోన్ చేస్తే, అంత బరువు దానికి ఎందుకు ఎత్తుతున్నావక్కా, ప్రతి ఫైలుకూ తేలికైన నకలు ఒకటి చేసుకో, ప్రాక్సీ అంటారు, కట్ చేసేటప్పుడు నువ్వు చూసేది నకలు, చివర బయటికొచ్చేది అసలు అన్నాడు. ఆ ఎంపిక ఇన్నాళ్లూ నా కళ్ల ముందే, మూడో వరసలో ఉంది. నేనే ఎప్పుడూ నొక్కలేదు.

నొక్కలేదా, నొక్కబుద్ధి కాలేదా. ఈ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి నిజం ఒప్పుకోవచ్చు. ఆగి ఆగి ఆడుతోందనేది నాకు మంచి సాకు దొరికింది. పెళ్లికూతుర్ని చేయడం, పసుపు, భోజనాలు, అన్నీ ఏదో తంటాలు పడి అతికించాను, ఆ ఒక్క చోటికి వచ్చేసరికి మాత్రం లేచి టీ పెట్టుకునేదాన్ని. ఈ ఉదయం మా అమ్మ హేమ్లి ఫోన్ చేసింది. యాడీ అని పిలుస్తాం మేము. యశోద, అల్లుడు ఇవాళ వస్తున్నారట, చుట్టుపక్కల వాళ్లంతా కూర్చుని టీవీలో పెళ్లి చూస్తారట, వీడియో నన్నే పట్టుకు రమ్మంది. హరితో పంపిస్తాలే అన్నాను. యాడీ కూర ఏం వండావని అడిగింది. కూర అడిగిందంటే ఏడుపు ఆపుకుంటున్నట్టు లెక్క, తొమ్మిదేళ్లుగా మా ఫోన్లన్నీ కూరల మీదే నడుస్తున్నాయి. ఈ తొమ్మిదేళ్లలో నేను తండాలో అడుగు పెట్టింది ఒక్కసారే, ఆ పెళ్లికే. ఇవాళ వెళ్తే రెండోసారి అవుతుంది. వెళ్లనని గట్టిగా అనుకున్నాను. నన్ను పందిట్లోంచి నెట్టేసిన మనిషి గుమ్మం నేనెలా తొక్కను.

పద్నాలుగు శాతం. నెట్టేయడం అంటే మాటవరసకు అనడం లేదు, వీపు మీద చేయి పెట్టి నెట్టడమే. ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో టబ్బులు నెట్టిన చేయి అది, దాని బలం నాకు తెలియకపోవడం ఏమిటి. మా బాపు పూల్‌సింగ్ షిఫ్టు దిగి వచ్చాడంటే గోళ్ల సందుల్లో నలుపు, టోపీ పెట్టుకున్న మేర నుదుటి మీద గీత, చంకలో టిఫిన్ క్యారేజీ. ఆ క్యారేజీలో సగం తిండి రోజూ తన పక్కన పనిచేసే మనిషికి పెట్టేవాడు. ఆయన పప్పు ఈయన తినేవాడు, ఈయన రొట్టె ఆయన తినేవాడు. ఆ పక్కన పనిచేసే మనిషి కొడుకే హరిప్రసాద్. రొట్టె పంచుకోవచ్చు గానీ పిల్లనివ్వడం వేరని బాపు అన్నాడు. మేము రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి సంతకాలు చేశాం. మర్నాటి నుంచి ఆ ఇద్దరూ క్యారేజీలు వేర్వేరు చోట్ల విప్పుకున్నారని మా మామగారే చెప్పాడు, చెప్పి ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. నా పెళ్లి వల్ల నాకు హరి వచ్చాడు, బాపుకు ఉన్న ఒక్క స్నేహితుడూ పోయాడు. బాపు మీద నాకు ఎంత కోపం వచ్చినా ఇది గుర్తొస్తే కోపం నిలబడదు, నిలబడనందుకు మళ్లీ నా మీద నాకు కోపం.

ఆ ఆఫీసులో బల్ల మీద సిరా మరకలు, గోడకు క్యాలెండరు, మాకన్నా ముందు ఇంకో జంట. సంతకం పెట్టి బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను, హరి నీళ్లు తెచ్చిచ్చాడు, నీళ్లతో తీరేది కాదది. మా లంబాడీల్లో పెళ్లికూతురు ఏడుస్తూ పాడాలి. ఢావ్లో అంటారు. అత్తారింటికి పోయే రోజు తల్లి మెడ, తండ్రి మెడ, అక్కచెల్లెళ్ల మెడ, ఒక్కొక్కరినీ పట్టుకుని, ఎవరికి చెప్పవలసింది వాళ్లకు రాగం తీసి చెప్పి ఏడవాలి. ఒకరికి పాడింది ఇంకొకరికి పనికిరాదు. ఆ పాట దానంతటదే రాదు, పెద్దవాళ్లు నేర్పాలి. మా నానమ్మ నాకు పన్నెండో ఏట నేర్పింది, నేను యశోదకు నేర్పాను. దానికప్పుడు ఆరేళ్లు. పట్టుకోవడానికి మెడ కావాలి కదా, మా మేకను పట్టుకుని సాధన చేసేవాళ్లం. అది కాసేపు ఓర్చుకుని యశోద జడ నమలడం మొదలుపెట్టేది. యశోద నవ్వేది, నవ్వకూడదే, ఏడవాలి అని నేను దాని తొడ గిల్లేదాన్ని. అంత బాగా నేర్చుకున్న పాట నేను ఎవరి మెడా పట్టుకుని పాడలేదు. సంతకాల దగ్గర ఎవరి మెడ పట్టుకోను, ఆ గుమాస్తాదా.

ముప్పై ఒకటి. యశోదకు సంబంధం కుదిరినప్పుడు వీడియో ఎవరు తీస్తారన్న మాట వచ్చిందట, యాడీ నా పేరు ఎత్తి, సోనీ తీస్తుంది అన్నదట. బాపు అవుననలేదు, కాదనలేదు, లేచి చేతులు కడుక్కున్నాడట. ఆ చేతులు కడుక్కోవడాన్ని యాడీ నాకు పిలుపు కింద చెప్పింది, నేనూ పిలుపు కిందే తీసుకున్నాను. కానీ నాకు తెలుసు, నేను కూతురిగా రావడం లేదు, స్టూడియో నుంచి వస్తున్నాను. భుజాన కెమెరా ఉన్నంతసేపే ఆ పందిట్లో నాకు చోటు. అందుకే పొద్దుటి నుంచి దాన్ని దించలేదు, అన్నం కూడా నిలబడే తిన్నాను. పెద్దమ్మలు వచ్చి నా బుగ్గలు నిమరబోతే కెమెరా అడ్డం వచ్చింది, అడ్డం రావడం నాకూ నయమే అనిపించింది. లెన్సులోంచి చూస్తే బాపు జుట్టు ఎంత తెల్లబడిందో కూడా వెలుతురు సంగతిగానే చూడొచ్చు. ఆ తెలుపుకు కొంచెం ఎక్స్‌పోజర్ తగ్గించాను కూడా.

ఢావ్లో మొదలైనప్పుడు నా కెమెరాలో బ్యాటరీ అయిపోయింది. మార్చుకుని కన్ను ఆనించేసరికి యశోద ఎదురుగా వస్తోంది, రెండు చేతులూ చాచి, ముఖమంతా తడి, నోరు తెరిచి పాడుతూ. మా పనిలో మొదటి పాఠం ఒకటే, ఎదుటివాళ్లు ముందుకొస్తుంటే నువ్వు వెనక్కి నడువు, మనిషి బొమ్మ దాటి బయటికి పోకూడదు. నేను వెనక్కి నడిచాను. చెవులకు హెడ్‌ఫోన్లు, పక్కనే డప్పు, కళ్లు మాత్రం శబ్దం చూపించే గీత ఎరుపులోకి పోతోందా అని దాని మీద. నా వెనక బాపు నిలబడ్డాడని తెలుసు. యశోద బాపు దగ్గరికి వస్తోందనుకున్నాను, ఇంకెవరి దగ్గరికి వస్తుంది. అప్పుడే వీపు మీద ఒక తోపు. మెత్తగా ఏమీ లేదు. నేను కాలు బిగబట్టి, పక్కకు జరిగి, గుంజ అవతలికి పోయాను. యశోద బాపు మెడ పట్టుకుంది. బొమ్మ కదలలేదు, ఫోకస్ పోలేదు, చాలా బాగా వచ్చింది. ఎవరో జనం తోసి ఉంటారని అప్పుడు ఊరుకున్నాను.

ఎవరో కాదని ఇరవై రోజుల కింద తెలిసింది. కుర్చీ ఎక్కి రెండో కెమెరాతో హరి తీసిన ఫుటేజీ అది, అందులో నేనూ ఉన్నాను. కెమెరా మనిషి బొమ్మలో పడితే మేము కట్ చేసేస్తాం, అది మా పద్ధతి, ఏడేళ్లలో నన్ను నేను ఎన్ని పెళ్లిళ్లలోంచి కట్ చేసి పారేశానో. ఇదీ చేసేద్దామనే తెరిచాను. బొమ్మ ఆగింది, దూకింది, ఆగింది. మొదటిసారి ఆగినప్పుడు నేను కెమెరా కంటికి ఆనించుకుని ఉన్నాను, నా వెనక బాపు, బాపు చేయి లేచి ఉంది. రెండోసారి ఆగినప్పుడు ఆ చేయి నా వీపు మీద ఉంది. మూడోసారి నేను గుంజ అవతల, బాపు చేయి ఇంకా చాచే ఉంది, యశోద ఆయన ముందుకు వచ్చేసింది. మధ్యలో ఏమీ లేదు. దేన్నైనా మధ్యలో పూరించుకోవడం నాకు అలవాటే, పూరించుకున్నాను. చిన్న కూతురు తన దగ్గరికి వస్తుంటే అడ్డం నిలబడ్డ పెద్ద కూతుర్ని పక్కకు తోసేశాడు. తప్పుకో అని నోటితో కూడా అనలేదు, అంటే మాట్లాడినట్టు అవుతుంది కదా. ఆ మూడు బొమ్మలూ కళ్లు మూసినా పోవడం లేదు. హరికి చెప్పలేదు. చెబితే బాపును ఒక మాట అంటాడు, మా బాపును అనే హక్కు హరికి లేదు, అది నాదే.

డెబ్బై. మబ్బు ఇంకా అలాగే ఉంది. హరి వచ్చి టీ గ్లాసు పెట్టి, తెర వైపు చూసి, ఎంతకొచ్చిందని అడిగాడు. చూస్తే కనిపిస్తుంది కదా అన్నాను. అతను కదలలేదు. ఇవాళ నువ్వే పోతే బాగుంటది సోనీ, మీ అమ్మ ఎదురుచూస్తది అన్నాడు. తొమ్మిదేళ్లలో ఇలాంటి మాట అతను అనడం బహుశా రెండోసారి. మొదటిసారి అన్నప్పుడు నేను మూడు రోజులు మాట్లాడలేదు కాబట్టి ఈసారి అనేసి వెంటనే ముందు గదిలోకి వెళ్లిపోయాడు. పాపం, అతనికేం తెలుసు. నేను పోయి ఏ మూల నిలబడను, ఈసారి భుజాన కెమెరా కూడా ఉండదు. అందరూ టీవీ చూస్తుంటారు, టీవీలో నేను ఉండను, కట్ చేసేసి ఉంటాను. బాపు లేచి చేతులు కడుక్కుంటాడు. ఎనభై మూడు. టీ మీద మీగడ కట్టింది. తొంభై. కరెంటు ఒకసారి మిణుకుమంది, నా గుండె ఆగింది, ఫ్యాను మళ్లీ తిరిగింది, కంప్యూటర్ ఆగలేదు. ఇంత భయపడ్డానంటే నాకూ చూడాలనే ఉందన్నమాట. మనసు ఎంత దొంగదో చూడు, ఇన్నాళ్లూ పారిపోయి ఇప్పుడు కరెంటుకు మొక్కుతోంది.

అయింది. ఆ చిన్న గుర్తు మీద నొక్కి, నకలు చూపించమని చెప్పి, ఆ చోటికి వెళ్లి ప్లే కొట్టాను. నడిచింది. నూనె పోసిన బండిలా నడిచింది, డప్పూ చేతులూ ఒక్కసారే కదిలాయి. నేను చూడాలనుకున్న చోటుకు ఇంకా ముందే, యశోద బాపు మెడ పట్టుకుని ఉంది. నేను తల వంచి బ్యాటరీ మార్చుకుంటున్నాను. అంటే బాపు వంతు అప్పటికే అయిపోయింది. బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. యశోద ఆయన్ని వదిలి, ఇటు తిరిగి, జనంలో వెతుకుతోంది, పెద్దమ్మ చేతులు చాపితే ఆమెను కూడా దాటి వెతుకుతోంది. ఆగింది. నన్ను చూసింది. చేతులు చాచి నా వైపే నడిచింది. నేను కెమెరా ఎత్తి వెనక్కి ఒక అడుగు వేశాను. అది ఇంకో అడుగు, నేను ఇంకో అడుగు. బాపు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఈ పక్కగా నా వెనక్కి వచ్చాడు. చేయి లేచింది, మళ్లీ దిగింది. తువ్వాలుకు తుడుచుకున్నాడు ఆ చేతిని. మళ్లీ లేచింది. నా వీపు మీద పెట్టాడు, వేళ్లన్నీ విప్పి, అరచేయి మొత్తం ఆనించి, ముందుకు నెట్టాడు. ముందుకే. యశోద వైపే. నా ఒళ్లంతా ముందుకు వంగడం తెర మీద కనిపిస్తోంది, నేను మడమ బిగబట్టి మొండికేయడం కూడా కనిపిస్తోంది. తర్వాత నా అంతట నేనే, నా కాళ్లతోనే, ఎవరూ తోయకుండా గుంజ అవతలికి పోయాను. బాపు చేయి గాలిలో అలాగే ఉండిపోయింది. నేను ఖాళీ చేసిన చోటుకు యశోద వచ్చి నిలబడింది. అక్కడ బాపు తప్ప ఎవరూ లేరు. మళ్లీ ఆయన మెడే పట్టుకుంది. నా కెమెరాలో ఉన్నది ఆ రెండోసారి పట్టుకోవడం. తండ్రీకూతుళ్ల ప్రేమ ఎంత బాగా వచ్చిందని దాన్ని వీడియో మొదట్లో పెట్టుకున్నాను కూడా.

ఇరవై నాలుగు సెకన్లు. అయిదారుసార్లు చూశాను. ఇన్నాళ్లూ గరగరలాడుతోందని నొక్కేసి పెట్టిన హరి కెమెరా శబ్దాన్ని ఆఖరిసారి పైకి తెచ్చాను. డప్పు కింద నుంచి యశోద గొంతు వచ్చింది. నేను నేర్పిన రాగమే, తొడ గిల్లి నేర్పిన చోట ఇప్పటికీ కొంచెం తప్పు పోతోంది. మాటలు మాత్రం నేను నేర్పినవి కావు. అక్కా, నువ్వు పోయిన నాడు నీకు ఒక్క మెడా దొరకలేదు, నీ ఏడుపు నువ్వు ఏడవలేదు, నీ వంతు కూడా దాచి నా దగ్గర పెట్టుకున్నాను, దగ్గరికి రా అక్కా, ఇద్దరివీ ఇవాళ ఏడుస్తాను అని. అంతవరకే. గుంజ దగ్గర నేను తప్పుకున్న క్షణాన పాట మధ్యలో తెగిపోయింది, ఆ తర్వాత బాపు మెడ మీద మాటలు లేని ఏడుపే ఉంది. ఎవరికి పాడింది వాళ్లకే కదా. దానికి ఇంకేం పాడాలో తెలియలేదు. నేను ఆ క్షణంలో శబ్దం ఎరుపులోకి పోలేదని సంతోషపడ్డాను. ఏడుపొచ్చింది నాకు, రాగం లేదు ఏమీ లేదు, ముక్కు కారుతూ మామూలుగా ఏడ్చాను. ముందు గదిలో హరి గొంతు ఆగిపోయింది, కానీ లోపలికి రాలేదు, రానందుకు అతనంటే నాకు ఎంత ఇష్టం కలిగిందో.

బాపు నంబరు నా ఫోన్లో ఎప్పుడూ ఉంది. నొక్కితే ఆరోసారి మోగాక ఎత్తాడు. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఆడపిల్ల నవ్వు. నేను సోనీని అన్నాను. ఏదైనా అడగడానికి నాకు ఉన్నది అదొక్కటే, పెళ్లినాడు నా వీపు మీద చేయి పెట్టింది నువ్వేనా అని అడిగాను. బావిలో అందరితో పనిచేసిన బాపు, మనసులో ఏదైనా అడ్డం పడితే మా మాట వదిలేసి తెలుగులోకి దిగుతాడు.

“అవ్, నేనే. చెల్లె చేతులు చాపుకుంట నీ దిక్కే వస్తాంటె నువ్వు ఎనకకు నడుస్తవేంది? ముందుకు పొమ్మని నెట్టిన. నువ్వే పక్కకు పోయినవ్.”

తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట కూడా తిట్టే. వీడియో ఇంకా అవలేదు బాపూ, కట్ చేసినవన్నీ మళ్లీ మార్చాలి, నన్ను తీసేసిన చోట పెట్టాలి, నాలుగు రోజులైనా పడుతుంది అని నోటికొచ్చింది ఏదో అన్నాను.

“వీడియో ఎవలు అడిగిన్రు?” అన్నాడు బాపు. “చెల్లె ఇక్కడనే ఉన్నది. నువ్వు రా.”